సున్నపురాతిలో లోహములు

పల్నాటి సీమలో వినుకొండకు సమీపమున అగ్నిగుండాల యను గ్రామము కలదు. కర్నూలు సీమలో గని యను పేరుగల గ్రామ మొకటి కలదు. ఊళ్ల పేరులు ఊరక పుట్టవని పెద్దలందురు. అగ్నిగుండాల చుట్టునుగల కొండలలో రాగి, సీసముల ఖనిజములున్నవి. గని గ్రామమునొద్ద పూర్వులు రాగికొరకు త్రవ్విన గోతుల జాడలున్నవి. మొదటి ఊరిపేరు లోహమును కరగించిన కొలుములనుండి వచ్చినదో, ఏ దేవతామహిమనుండి వచ్చినదో వాదింపవచ్చును గాని, రెండవదానికి వ్యాఖ్యానమే అక్కరలేదు.

ఈ రెండు గ్రామములును దూరదూరముగా నున్నను ఒకే శిలాకుటుంబమునకు చెందిన నేలపై నున్నవి. ఆ నేలలో సున్నపురాయి మెండు. పల్నాటివారు దానిని బట్టీలలో కాల్చి సున్నము చేయుదురు. బేతంచెర్లవారు పలకలుగా తీసి నాపరాళ్లని అమ్ముదురు. సిమెంటు కర్మాగారములవారు దానిని పొడిచేసి కాల్చుదురు. గోడకు పూయుటకును, తాంబూలమున వేసికొనుటకును సున్నము నిచ్చునట్టి ఈ సాధువైన రాతిలోనికి రాగియు, సీసమును, యశదమును, ఇనుమును ఎట్లు చేరినవి? పుట్టుకతోనే అందున్నవా, తరువాత వచ్చినవా? ఈ ప్రశ్న గనులు త్రవ్వువారికి వినోదమునకైనది కాదు. లోహము వచ్చిన దారి తెలిసినగాని అది దాగిన చోటు తెలియదు. చోటు తెలియక త్రవ్విన సొరంగమున ధనము పోవుటయే గాని వచ్చుట యుండదు.

ఉత్తరమున కృష్ణాతీరమునుండి దక్షిణమున తిరుమల కొండలవరకు నెలవంక ఆకారమున వ్యాపించిన ఈ శిలాప్రదేశమును భూగర్భశాస్త్రజ్ఞులు కడప ద్రోణి యందురు. ద్రోణి యనగా దోనెవలె నడుమ పల్లమైన భూభాగము. దీని పొడవు సుమారు 440 కిలోమీటర్లు. నడుమ వెడల్పు సుమారు 145 కిలోమీటర్లు. విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు భారత భూగర్భ పరిశోధనశాఖ పక్షమున ఈ సీమయంతయు తిరిగి, 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. శిలల వరుసలకు ఆయన పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని మన నదుల పేరులును కొండల పేరులును పెట్టెను. గుఱ్ఱములును ఎడ్లబండ్లును తప్ప వేరు వాహనములు లేని దినములలో, పులులు తిరుగు నల్లమలలో జరిగిన పని యది.

సుమారు 190 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ పల్లము సముద్రముచే నిండియుండెను. గట్టుమీదినుండి వచ్చిన ఇసుక ఇసుకరాయి ఆయెను. బురద పలకరాయి ఆయెను. తేటనీటియందు సున్నము పేరుకొనెను. ఆ కాలమున చేపలు లేవు, గుల్లలు లేవు. కంటికి కనబడని నాచువంటి జీవులు మాత్రమే యుండెను. అవి పొరలు పొరలుగా పెరుగుచు సున్నపు పొడిని పట్టి నిలిపెను. వేంపల్లె ప్రాంతపు రాళ్లలో ఆ పొరలు గోపురములవలె, ఉల్లిపాయను కోసిన వలయములవలె నేటికిని కనబడును. బట్టీలకెక్కు పల్నాటి సున్నపురాయి ఈ వరుసలో వయసున చిన్నది. అగ్నిగుండాలయొద్ద లోహములుగల రాయి దానికి పెద్దన్న వంటిది.

లోహమన్నది లేని రాయి లేదు. ఐనను ఎంత కలదు? భూమి పైపొరలోని శిలలలో సీసము పది లక్షల పాళ్లకు పదునైదు పాళ్లు మించదు. యశదము డెబ్బది పాళ్ల ప్రాంతమున నుండును. అంత కొద్ది లోహమును తీయుటకు ఏ కొలిమియు చాలదు. గని యని చెప్పదగినచోట నూటికి కొన్ని పాళ్లయినను సీసము ఉండవలెను. అనగా ప్రకృతి అంతకుముందే వేయి రెట్లకు మించి దానిని ఒక్కచోట కూడబెట్టియుండవలెను. ఆ కూడబెట్టిన పనివాడు నీరు. అదియు మనము త్రాగు నీరు కాదు, వేడియైన ఉప్పునీరు.

సముద్రపు అడుగున పేరుకొనిన బురదలో నీరు నిండియుండును. దానిమీద వేలాది సంవత్సరములు మరికొంత బురద, మరికొంత ఇసుక పడుచుండగా, క్రిందనున్నది అణగి గట్టిపడును. లోని నీరు బయటపడుటకు దారి వెదకును. భూమిలోనికి ఒక్కొక కిలోమీటరు దిగినకొలది వేడి ఇంచుమించు 25 మొదలు 30 డిగ్రీల వరకు పెరుగును. కావున మూడు నాలుగు కిలోమీటర్ల లోతున నున్న నీరు నూరు డిగ్రీలకు మించి వేడెక్కియుండును. పైని బరువుచేత ఆవిరి కాజాలదు. అందు ఉప్పు నూటికి పది మొదలు ముప్పది పాళ్ల వరకు చేరియుండును. సముద్రజలమున నుండు ఉప్పు నూటికి మూడున్నర పాళ్లే.

ఊరగాయను రాగిపాత్రలో నిలువ యుంచరాదని ప్రతి యిల్లాలికిని తెలియును. ఉప్పును పులుపును కలిసి లోహమును కరగించును; పాత్ర చెడును, ఊరగాయ విషమగును. భూగర్భమునను జరుగునది ఇదియే. వేడియు, ఉప్పును, ఇంచుక పులుపును గల నీరు ఇసుకరాళ్ల సందులలోను పలకరాళ్ల పగుళ్లలోను దూరిపోవుచు, రేణువు రేణువునుండి సీసమును యశదమును రాగిని ఇనుమును తనలో కలుపుకొనును. ఒక కుండెడు నీటిలో కలియునది కొంచెమే. కాని ఆ ప్రయాణము ఒక దినమునది కాదు, ఒక నూరేండ్లదియు కాదు. లక్షల సంవత్సరములు వందల కిలోమీటర్లు నడచిన నీరు అది.

ఇట్లు బరువెక్కిన నీరు సున్నపురాతిని తాకినపుడు కథ మారును. సున్నపురాతిమీద నిమ్మరసము పిండినచో పొంగు వచ్చును, పులుపు చచ్చును, రాయి కొంత కరగును. భూగర్భమునను ఆ పులుపు చచ్చును. పులుపు చచ్చిన నీటికి లోహమును మోయు శక్తి తగ్గును. ఇది యొక కారణము. ఇంతకంటె బలమైన కారణము గంధకము. ఎండిపోయిన సముద్రపు మడుగులలో గంధకముతో కూడిన జిప్సము పేరుకొనును. నాచు కుళ్లినచోట సూక్ష్మజీవులును, లోతునకు పోయినకొలది వేడియు, ఆ గంధకమును మురిగిన గ్రుడ్డు వాసనగల వాయువుగా మార్చును. ఆ వాయువు తగిలిన వెండిగిన్నె నల్లబడుట లోకవిదితము. ఉప్పునీటిలో కరగియున్న లోహము అట్టి గంధకమును కలిసికొన్న క్షణముననే నీటిని విడిచి రాయిగా పడును. సీసము గంధకముతో కూడి గెలీనా యగును. అద్దమువలె మెరయు ఘనములుగా అది విరుగును. నీటికంటె ఏడున్నర రెట్లు బరువు. నూటికి 86 పాళ్లు సీసమే. యశదము గంధకముతో కూడి తేనెరంగునను నలుపునను గల స్ఫాలరైటు అగును. రాగియు ఇనుమును కలిసి గంధకముతో చేరినది వైద్యులు స్వర్ణమాక్షికమని వ్యవహరించు పసుపుపచ్చని ఖనిజము. దానిని చూచి బంగారమని భ్రమించినవారు అన్ని దేశములలోను కలరు.

నీరు నడువవలెనన్న దారియు, లోహము నిలువవలెనన్న చోటును కావలెను. గట్టి సున్నపురాతిలో సందులు తక్కువ. కాని సున్నపురాతికి ఒక గుణము కలదు. మెగ్నీషియముగల నీరు దానిలో చిరకాలము ఊరినచో, అందలి కాల్షియములో ఇంచుమించు సగము తొలగి, దాని స్థానమున మెగ్నీషియము ప్రవేశించును. అప్పుడది డోలమైటు అగును. క్రొత్తరాయి పాతదానికంటె నూటికి పన్నెండు పదమూడు పాళ్లు తక్కువ చోటు ఆక్రమించును. ఆ మిగిలిన చోటు సన్నని రంధ్రములుగా నిలుచును. లోహముగల నీటికి ఆ రంధ్రములు కట్టి యుంచిన ఇండ్ల వంటివి. ప్రపంచమున సీసపు గనులు పలుచోట్ల శుద్ధమైన సున్నపురాతిలోగాక డోలమైటులో నుండుటకు ఇది ముఖ్యకారణము. పులినీరు తొలిచిన గుహలును అట్టివే. దానిపైన నీరు చొరని పలకరాతి మూత యున్నచో మరియు మేలు. మూతలేని కుండలో ఏదియు నిలువదు గదా.

ఇదంతయు ఎవరు చూచివచ్చిరని శంకింపవచ్చును. సాక్ష్యము రాతిలోనే కలదు. స్ఫాలరైటు స్ఫటికము పెరుగునపుడు చుట్టునున్న ఉప్పునీటి బొట్టులను కొన్నిటిని తనలో మూసివేయును. అవి వెంట్రుక మందము కంటెను చిన్నవి. సూక్ష్మదర్శినిలో చూచిన ఒక్కొక బొట్టులో ఒక బుడగ కనబడును. వేడిగా నున్నపుడు బొట్టు గదినంతయు నింపెను; చల్లారి ముడుచుకొన్నందున ఆ ఖాళీ బుడగ యైనది. కావున స్ఫటికమును మెల్లమెల్లగా వేడిచేసినచో, ఒకానొక డిగ్రీయొద్ద బుడగ మాయమగును. స్ఫటికము పుట్టినపుడు వేడి ఇంచుమించు అంతయని తెలిసికొనవచ్చును. హెన్రీ క్లిఫ్టన్ సార్బీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1858లో ఈ ఉపాయమును లోకమునకు తెలిపెను. కొండలను సూక్ష్మదర్శినితో చూచునా యని ఆనాడు కొందరు పరిహసించిరట! అదే బొట్టును చలిలో గడ్డకట్టించిన ఉప్పు ఎంత కలదో తెలియును. ఉప్పు హెచ్చినకొలది నీరు ఆలస్యముగా గడ్డకట్టును. సున్నపురాతిలోని సీసయశదముల ఖనిజములు పెక్కు 75 మొదలు 200 డిగ్రీల లోపల పుట్టినవని ఈ చిన్న బుడగలే చెప్పినవి. అగ్నిపర్వతముల వేడి ఇంతకంటె ఎన్నో రెట్లు హెచ్చు. కనుక ఈ లోహములకు అగ్నిపర్వతము తల్లి కానక్కరలేదు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రము. అచట ఫ్రెంచివారు 1720 ప్రాంతములనుండియే సీసమును త్రవ్విరి. అచటి డోలమైటు సుమారు 50 కోట్ల సంవత్సరముల నాటిది. అందలి సీసము మాత్రము సుమారు 30 కోట్ల సంవత్సరముల నాడు వచ్చి చేరినది. ఇంటికిని, ఇంటనున్నవారికిని వయసున 20 కోట్ల సంవత్సరముల తేడా! ఆ కాలమున దక్షిణమున పర్వతములు పైకి లేచెను. ఎత్తైన తొట్టినుండి కుళాయిలోనికి నీరు వచ్చినట్లు, ఆ కొండలనుండి భూగర్భమున ఉప్పునీరు ఉత్తరమునకు వందల కిలోమీటర్లు ప్రవహించి, డోలమైటును చేరి లోహమును దించినది.

మన అగ్నిగుండాల విషయము ఇంత సులభముగా తేలలేదు. ఇచట బండ్లమోటు కొండయందు సీసము ప్రధానము. నల్లకొండయందు రాగి ప్రధానము. ధూకొండయందు రెండును కలవు. ఖనిజము కొన్ని చోట్ల రాతిపొరల వెంట పొరవలె సాగుచున్నది. దీనిని చూచిన శాస్త్రజ్ఞులు కొందరు, సముద్రపు అడుగున బురదతోపాటే లోహమును పడినదనిరి. మరికొన్ని చోట్ల అది పలుగురాతి తీగెలతో కలిసి పొరలను అడ్డముగా కోసికొనిపోవుచున్నది. దీనిని చూచినవారు, లోహము తరువాత వచ్చిన అతిథి యనిరి. రెండు వాదములకును ఆధారము కలదు. నల్లమల శిలలు పుట్టినచోట పుట్టినట్లు ఉండలేదు. భూమి ఒత్తిడికి చాపవలె ముడతలు పడెను. ముడత పడునపుడు లోపలి నీరు కదలును, కరగగలిగినది కరగును, పగుళ్లలో మరల పేరుకొనును. తొలుత ఎట్లు వచ్చినను, తరువాత కొంత చోటు మారినదని ఆ పలుగురాతి తీగెలే చెప్పుచున్నవి. గని త్రవ్వువానికి కావలసినదియు ఈ రెండవ మాటయే. పొరను మాత్రమే నమ్ముకొన్నచో అతడు తీగెను పోగొట్టుకొనును. కడప సీమలోని జంగంరాజుపల్లెయొద్దను డోలమైటులోనే సీసయశదముల ఖనిజములున్నవి.

ఇక ఇనుము. ఇది తక్కిన లోహములవంటిది కాదు. ఇది లేనిచోటు లేదు, దీని నడతయు వేరు. లోహజలములు సున్నపురాతిని కరగించుచు, కాల్షియము పోయినచోట ఇనుమును నింపినచో, రాయి సిడరైటు అను ఇనుపరాయిగా మారును. స్పెయిను దేశపు ఉత్తర తీరమున బిల్బావో నగరముచుట్టును ఇట్లే జరిగినది. లోపలి సిడరైటులో ఇనుము నూటికి 48 పాళ్లకు మించదు. కాని పైభాగమున వానయు గాలియు తగిలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోగా, మిగిలినది ప్రాణవాయువుతో కూడి ఎర్రని, గోధుమరంగుగల ఇనుపరాయి యైనది. శుద్ధమైన ఎర్రరాతిలో ఇనుము 70 పాళ్లవరకు నుండును. 1856లో బెసిమరు ఉక్కుచేయు క్రొత్తపద్ధతిని కనిపెట్టెను. దానికి భాస్వరము తక్కువగల రాయి కావలెను. అట్టి రాయి బిల్బావోలో నుండుటచే, ఆ శతాబ్ది చివరి భాగమున ఓడలకొలది ఇనుపరాయి అచటినుండి ఇంగ్లాండునకు పోయెను. ఆ సున్నపుకొండలపై పడిన వానకు అందులో భాగము కలదు.

కొండ తలపై నుండు ఎర్రదనము మరియొక విధమునను కలుగును. లోపల గంధకముతో కూడిన ఇనుపఖనిజము ఉన్నదనుకొందము. వాననీరును గాలియు దానిని చేరినపుడు గంధకము గంధకామ్లముగా మారును. ఇనుము తుప్పుగా మారును. ఇసుకరాతిలోనైన ఆ ఆమ్లము ఇనుమును చాలదూరము మోసికొనిపోవును. సున్నపురాతిలో అట్లు జరుగదు. సున్నము ఆమ్లమును వెంటనే చంపును. ఇనుము పుట్టినచోటనే పచ్చని, గోధుమరంగు, ఎర్రని తుప్పుగా కూలబడును. అట్లు ఖనిజముపై ఏర్పడిన తుప్పుకప్పును గనివారు ఇనుపటోపీ యందురు. బేతంచెర్ల పరిసరములందు త్రవ్వితీయు పచ్చని జాజును, గోడలకు అంచులు తీర్చు ఎర్రని జాజును, గుణమునకు ఈ తుప్పునకు దాయాదులే. ఐనను జాజు ఉన్నచోటనెల్ల క్రింద రాగి యుండునని తలపరాదు.

తుప్పుటోపీని చదువుట గొప్ప విద్య. దానిక్రింద నున్న రాగి ఏమగును? ఆమ్లములో కరగి కొంత క్రిందికి దిగి, సున్నపురాతిని కలిసి, రాగిచెంబునకు పట్టు చిలుమువలె ఆకుపచ్చని మాలకైటును, నీలపు అజురైటును అగును. పూర్వులు కొండలలో రాగిని కనిపెట్టుటకు ఈ పచ్చదనమే దారిచూపినది. సీసము మొండిది, దాని ఉప్పులు నీట కరగవు, కనుక అది తెల్లని బూడిదరంగు రాయిగా మారి టోపీలోనే నిలుచును. యశదము దేశదిమ్మరి; అది నీటితో దూరము పోవును, ఒక్కొక్కప్పుడు ప్రక్కనున్న సున్నపురాతిలో మరొక రాయిగా తేలును. కనుక టోపీని పరీక్షించి అందు యశదము లేదు గనుక క్రిందను లేదనుట పొరపాటు. అట్లే ఎర్రనిదెల్ల టోపీయనుటయు పొరపాటే. మామూలు పలకరాయి చివికినను ఎర్రబడును. నిజమైన టోపీలో గెలీనా, మాక్షికము కరగిపోయిన చోట్లు గూళ్లవలె ఖాళీగా మిగిలి, తుప్పుగోడలు మాత్రము నిలుచును. అలవడిన కన్ను ఆ గూటి ఆకారమును చూచి అందు ఉండిపోయిన ఖనిజము పేరు చెప్పును. పక్షి ఎగిరిపోయినను గూడును చూచి పక్షిని చెప్పుట వంటిది ఇది. కన్ను చెప్పినది నిజమగునో కాదో తేల్చుటకు రసాయనశాల కావలెను. అంతకంటె ముఖ్యముగా తొలుపుయంత్రము కావలెను.

గత శతాబ్ది ఉత్తరార్ధమున భూగర్భ పరిశోధనశాఖవారు అగ్నిగుండాల కొండలలో రంధ్రములు తొలిచి, లోపలి రాతిని కడ్డీలుగా పైకి తీసి పరీక్షించిరి. అటుపిమ్మట హిందుస్థాన్ జింక్ సంస్థ బండ్లమోటులో సీసపుగనిని నడిపెను. కొంతకాలమునకు ఆ గని మూతపడెను. ఖనిజము ఏర్పడుటకు పట్టిన కాలముతో పోల్చిన, దానిని త్రవ్వితీసిన కాలము రెప్పపాటైనను కాదు. సీసము వెలుపలికి వచ్చినపుడు దానితో అపాయమును వచ్చును. దాని ధూళి ఊపిరితోను అన్నముతోను ఒంటిలో చేరినచో నరములను చెరచును. పిల్లలకు మరింత కీడు. అందుచేత గని మూసినను, అచట పోసిన రాతిపొడి కుప్పలను గాలికి వదలక కప్పి కాపాడవలసియుండును. సున్నపురాతి ప్రాంతమగుట ఒక మేలు. ఇతర స్థలములలో ఇట్టి కుప్పలనుండి ఆమ్లము పుట్టి వాగులను చెరచును. ఇచట సున్నము ఆ ఆమ్లమును చాలవరకు పుట్టినచోటనే అణచును.

కోట్ల సంవత్సరముల క్రిందట ఆరంభమైన ఆ పని ఆగినది కాదు. రాగి ఖనిజముగల రాళ్లను గనినుండి తీసి బయట పోసినచో, కొన్ని వానకాలములకే వాటి పగుళ్లలో తుప్పురంగు చారలు తేలును. వాటి ప్రక్కన, సున్నపు నెఱ్ఱెల అంచున, చెంబునకు పట్టినట్టి పచ్చని చిలుము సన్నగా కనబడును.